సింక్రోనస్ మోటారు: ఫీల్డ్ ఎక్సైటేషన్ ప్రభావం

రోటారుకిచ్చే డీసీ ఫీల్డ్ కరెంటును మార్చినా సింక్రోనస్ మోటారు వేగం మారదు. 50 హెర్ట్జ్ సరఫరాపై నాలుగు పోల్స్ మోటారు 1500 ఆర్‌పీఎం వద్దే తిరుగుతుంది. మారేవి స్టేటర్ కరెంటు, పవర్ ఫ్యాక్టర్. లోడు స్థిరంగా ఉండి ఎక్సైటేషన్ తగ్గితే, అయస్కాంత క్షేత్రానికి తక్కువపడిన రియాక్టివ్ పవర్‌ను మోటారు లైను నుంచి లాగుతుంది. కరెంటు పెరిగి వోల్టేజీ కంటే వెనకబడుతుంది. ఫీల్డ్ పెంచుతూ పోతే, పవర్ ఫ్యాక్టర్ 1 అయినచోట కరెంటు కనిష్ఠానికి దిగి, ఆపైన మళ్లీ పెరుగుతుంది, ఈసారి వోల్టేజీకి ముందుగా. ఫీల్డ్ కరెంటుకు స్టేటర్ కరెంటు ఇలా మారడాన్ని చూపే గీతే వి-కర్వ్. ఫీల్డ్ మరీ తగ్గిస్తే మోటారు సింక్రోనిజం తప్పుతుంది.

బోర్లలో సాధారణంగా కనిపించే ఇండక్షన్ మోటార్లకు ఫీల్డ్‌తో పవర్ ఫ్యాక్టర్ సరిచేసుకునే ఈ సౌలభ్యం లేదు, అందుకు కెపాసిటర్ బిగించుకోవాల్సిందే. కాళేశ్వరం ఎత్తిపోతల గాయత్రి పంప్‌హౌస్‌లోని 139 మెగావాట్ల మోటార్లు మాత్రం సింక్రోనస్ రకం.