బంతిపూవు మన పెరటికి వచ్చిన విధము



ఈ సాయంకాలము మీతో ఒక చిన్న చరిత్రను ముచ్చటింప దలచితిని. ఇది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్రయు కాదు. బావిగట్టు చెంతను, తులసికోట ప్రక్కను, మన యాడువారు గిన్నెలు కడిగిన నీళ్లతో బ్రతికించుకొనుచు వచ్చిన పూలమొక్కల చరిత్ర. మాది అనంతపురపు సీమ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు కురిసిన యేటనే. అట్టి చోట పూలతోట యన్న నవ్వెడివారు కలరు. అయినను మా యూర పూవు లేని పెరడు నేను చూచి యెఱుగను.

ఈ విషయమున నా వలన ఒక యపరాధము జరిగినది. దానితోనే యారంభించెదను.

1989వ సంవత్సరమున నేనొక పాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. ఒకనాడు ప్రబంధములోని యుద్యానవర్ణనము పాఠముగా వచ్చినది. అందు "పూబంతి" యను మాట యున్నది. నేను క్షణమైనను ఆలోచింపక, పూబంతి యనగా బంతిపూవే యని యర్థము చెప్పితిని. అంతటితో ఊరకుండక, మన పెద్దలు అనాదిగా బంతిపూలు పెంచుచుండిరనుటకు ఇదియే సాక్ష్యమని బల్ల గుద్ది పలికితిని. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, బంతి అమెరికా నుంచి వచ్చిందంట, పుస్తకంలో చదివినా" అనెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు కోపము వచ్చినది. శాస్త్రము చదివిన పండితునికి పదమూడేండ్ల బాలుడు దిద్దుబాటు చెప్పుటయా యని, వానిని ఆ గంటయంతయు ఎండలో నిలువబెట్టితిని. వాడు మారుమాట యాడలేదు. ఆపైన నా తరగతిలో వాడు ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

వాడు చెప్పినది నిజము. నేను చెప్పినది తప్పు.

నా తప్పు ఎక్కడ నున్నదో వినుడు. బంతి యను మాట మన భాషలో పాతది. బంతిపూవు మాత్రము క్రొత్తది. పూర్వకవులు బంతి యన్నచో ఆడుకొను చెండని యర్థము, లేక భోజనమునకు కూర్చున్నవారి వరుస యని యర్థము. ఇప్పటికిని పెండ్లిండ్లలో "మొదటి బంతి లేచినది" అందుము గదా! పూబంతి యనగా పూలతో కట్టిన చెండు. ఆ తరువాత ఎన్నడో, గుండ్రముగా చెండువలె నున్న యొక పూవు దేశములోనికి రాగా, మనవారు ఉన్న మాటనే దానికి తగిలించిరని నా తలంపు. మాకు ఇరుగుపొరుగువారైన కన్నడిగులు దానిని "చెండు హూవు" అందురు. వారి చెండును, మన బంతియు ఒకటే. రెండు భాషలవారును క్రొత్తపూవునకు ఆకారమును బట్టియే పేరు పెట్టిరి. ఈపాటి యోచన ఆనాడు నాకు తోచినయెడల ఆ బాలునికి ఎండ తప్పియుండును.

మఱి అంతకుముందు ఈ సీమలో ఏ పూలు ఉండెను? 1443వ సంవత్సరమున పారసీక రాయబారి అబ్దుల్ రజాక్ విజయనగరమునకు వచ్చెను. అప్పుడు రెండవ దేవరాయలు ఏలుచుండెను. ఆ నగరమున ఎక్కడ చూచినను గులాబీలు అమ్ముచుండిరనియు, ఆ జనులకు అన్నమెట్లో గులాబీయు నట్లే కావలసినదనియు అతడు వ్రాసినాడు. హంపి సీమ యెండ మీ రెఱిగినదే. ఆ రాతినేలలో, తుంగభద్ర కాలువల క్రింద అన్ని గులాబీలు పూచినవన్నచో, మనవారి ముచ్చట ఎంతటిదో ఊహింపుడు. గులాబి యను పేరును పారసీకమే. "గుల్" అనగా పూవు, "ఆబ్" అనగా నీరు. పన్నీటి పేరు పూవునకు ఎక్కినది. ఇక మల్లె, జాజి, కనకాంబరము, గన్నేరు ఈ దేశమున నాటికే పాతకాపులు. 1526లో ఢిల్లీ గెలిచిన బాబరునకు మన దేశములో నచ్చినవి తక్కువ. అట్టివాడును మందారమును, గన్నేరును చూచి మెచ్చుకొని తన గ్రంథమున వ్రాసికొనెను.

రజాక్ విజయనగరపు అంగళ్లలో తిరుగునాటికి కొలంబసు ఇంకను సముద్రమెక్కలేదు. అది 1492 నాటి మాట. కాబట్టి దేవరాయల తోరణములలో మనమెఱిగిన బంతి యుండుటకు వీలే లేదు. బంతి పుట్టినిల్లు మెక్సికో దేశము. అచ్చటి ప్రాచీనజనులు తమ భాషలో దానిని "ఇరువది పూవు" అను నర్థము వచ్చు పేరుతో పిలిచిరి. వారికి ఇరువది యన్న లెక్కలో పెద్ద మెట్టు. రేకులు లెక్కకు మిక్కిలియని భావము. 1521లో స్పెయినువారు వారి రాజధానిని పడగొట్టిరి. రాజ్యము పోయినది గాని పూవు పోలేదు. నేటికిని నవంబరు మొదటి దినములలో అచ్చటివారు చనిపోయిన తమ పెద్దలను తలచుకొని, వారికి ఇంటిదారి తెలియుటకై వాకిటినుండి బంతిరేకులు పఱతురు. మనవారు దసరానాడు గుమ్మమునకు కట్టెదరు, వారు పెద్దలకు దారి వేసెదరు. పూవు ఒక్కటే, ఋతువును ఇంచుమించు ఒక్కటే.

ఇది పోర్చుగీసువారి యోడలతో మనకు వచ్చినదని చరిత్రకారులు తలంతురు. వారు 1510లో గోవాను పట్టుకొనిరి. అదే దారిని వచ్చినది మిరపకాయ. వేరుశనగ దక్షిణ అమెరికాది. అది లేనిచో మా అనంతపురపు రైతునకు బ్రతుకే లేదు. సీతాఫలమును అమెరికా వృక్షమే. సీతమ్మ పేరు పెట్టి దానికి వనవాసపు కథలు కూడ అల్లుకొంటిమి. తెలంగాణపు ఆడపడుచులు బతుకమ్మను పేర్చునప్పుడు తంగేడు, గునుగు అచ్చముగా మన మెట్టనేల పూలు. నడుమ కూర్చు బంతియు, గుమ్మడిపూవును సముద్రము దాటి వచ్చినవి. బతుకమ్మ వేటిని వేఱుగా చూచినది?

మా గురువుగారి మాట యొకటి ఇచ్చట చెప్పవలెను. ఆయన బంతిని తోరణమునకు కోయించెడివారే గాని పూజకు ఒక్కటైనను ముట్టెడివారు కారు. కారణమడిగినచో, "మా పెద్దలు కోయలేదురా" అనెడివారు. అది వట్టి మూఢాచారమని నేనప్పట్లో అనుకొంటిని. ఇప్పుడు చూడగా, గ్రంథములలో లేని చరిత్ర ఆ యాచారములో దాగియున్నట్లు తోచుచున్నది: ఈ పూవు ఇంటికి తరువాత వచ్చినదను జ్ఞాపకము, కారణము మఱచిపోయినను, మిగిలినది. అయితే ఆ గురువుగారే గుడి ఆవరణలోని దేవగన్నేరు పూలను ప్రతిదినము స్వామికి సమర్పించెడివారు. దేవగన్నేరును అమెరికాఖండపుదే! పేరులో దేవుడు చేరినందున దాని పుట్టుపూర్వోత్తరములు ఎవరును అడుగలేదు.

సాయంకాలము విచ్చు చంద్రకాంత పెరూ ప్రాంతముల నుండియు, కోసి నెలలైనను రంగు వీడని బొగడబంతి మధ్య అమెరికానుండియు వచ్చినవి. వీనికంటె బిళ్లగన్నేరు కథ వింతయైనది. దాని జన్మభూమి మడగాస్కరు ద్వీపము. నీరు పోయకున్నను గోడపగులులో మొలచును; చేదగుటచేత మా మేక కూడ మూతి పెట్టదు. అట్టి గతిలేని మొక్క ఆకులనుండి 1958 ప్రాంతమున కెనడాలోని వైద్యశాస్త్రజ్ఞులు ఒక మందు తీసిరి. దాని తరువాత అదే మొక్కనుండి మఱియొకటి వచ్చినది. పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరునకు నేటికిని ఆ రెండవ మందు వాడుచున్నారు. ఆకు నమలుమని నేను చెప్పుట లేదు, అది విషము.

పరదేశపు మొక్కలు మన యెండకు ఎట్లు ఓర్చినవని మీరడుగవచ్చును. మెక్సికోలోను వానలు మనకువలెనే వేసవి చివరను మొదలై కొన్నినెలలు కురిసి ఆగిపోవును. తొలకరికి మొలచి, వానలు వెనుదిరుగువేళకు పూచుట బంతికి పుట్టుకతో వచ్చిన గుణము. పగలు తగ్గుకొలది దానికి మొగ్గ తొడుగును. చైనాదేశపు చామంతికి ఈ లెక్క ఇంకను గట్టిది. రాత్రులు నిడివి కానిదే అది పూయదు. మొక్కలు పగటినిడివిని ఎఱుగునను రహస్యమును 1920లో అమెరికావారైన గార్నరు, అల్లార్డు అను నిద్దరు వెల్లడించిరి. మా యమ్మకు వారి పేర్లు తెలియవు. "చామంతి దీపావళి దాటనీ" అని మాత్రము ఆమె అనెడిది.

ఆమె తోటపని కొంత చెప్పెదను. పాతకుండ యడుగున చిల్లిచేసి, గుడ్డపేలిక దూర్చి, మొక్కమొదట మెడవఱకు పాతెడిది. రెండుదినముల కొక్కసారి నింపిన చాలును. నీరు పైన ఎండకు పోక వేరునకే దిగును. మొదళ్లయందు వేరుశనగపొట్టు జానెడు మందము కప్పెడిది. మల్లెకు మార్గశిరములో నీరు మానివేసి బెట్ట పెట్టెడిది. ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పుష్యము వెళ్లినపిదప ఎరువువేసి ఒక్కసారిగా నీరు పెట్టెడిది. చిన్ననాట నాకు అది క్రూరముగా తోచినది. ఎండలు ముదురునాటికి ఆ పొదలు తెల్లబడెడివి. వంగమళ్ల నడుమ బంతి నాటుట ఆమెకు అలవాటు. బంతివేరు నుండి దిగు రసము నేలలోని నులిపురుగులను చంపునని శాస్త్రజ్ఞులు చెప్పిరి; నేడు టమాటా రైతులును అట్లే నాటుచున్నారు.

రెండేండ్ల క్రిందట పూలసంతలో ఒక నడివయస్కుడు నన్ను చూచి నమస్కరించెను. ఆ బాలుడే. రెండెకరములలో బంతి వేసి బెంగళూరు పంపుచున్నాడట. నేను అచ్చటనే, బుట్టల నడుమ, ఆనాటి పాఠము తప్పని యొప్పుకొంటిని. వాడు నవ్వి, "పోనీలెండి అయ్యవారూ, ఎండ నాకు అలవాటే" అనెను. ఆ నవ్వు నాకు ఎండకంటె చుఱుక్కుమన్నది. చిన్ననాటి నాటుబంతి, ఘాటైన వాసన గలది, నీయొద్ద నున్నదా యని యడిగితిని. తాను వేయునది కొనుగోలు సంకరవిత్తనమనియు, దాని గింజ దాచి వేసినచో మరల అదే పూవు రాదనియు, ఏటేట డబ్బు పెట్టవలసినదేననియు చెప్పెను. "నాటుది మా అమ్మ పెరట్లో నాలుగు మొక్కలుండాలి" అనెను.

వారము తిరుగకమున్నే కాగితపు పొట్లములో ఎండిన పూవొకటి పంపినాడు. అది పాతకుండ ప్రక్కను, మా యమ్మ వేసిన చోటనే, మొన్నటి తొలకరికి ముందటి తొలకరిలో చల్లితిని. 20 గింజలు వేయగా 14 మొలచినవి. దసరాకు పూచినవి. మూడు పూలు కోయక విత్తనమునకు నిలిపి, వాని గింజలలో సగము మరల వానికే పంపితిని.