ఆంగ్లంలోని ఫ్రెంచి మాటలు: ఉచ్చారణ వివాదాల చరిత్ర

ఆంగ్లంలో ఫ్రెంచి మూలం గల మాటలు వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిపై ఎవరికీ పేచీ లేదు. టేబుల్, జస్టిస్, పార్లమెంట్, మటన్ వంటివి ఎవరైనా చెబితే తప్ప పరాయివని తెలియనంతగా ఆ భాషలో కలిసిపోయాయి. తగవంతా గ్యారేజ్, నీష్, వాలే, ఫిలే, లెఫ్టెనెంట్ వంటి కొద్దిపాటి మాటల దగ్గరే. వీటిని ఫ్రెంచివారిలా పలకాలా, ఇంగ్లిషు అలవాటు ప్రకారం పలకాలా అన్న చర్చ 17వ శతాబ్దం నుంచీ సాగుతోంది. వాదించేవారు తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. ఒక మాట ఎలా పలుకుతుందన్నది చాలావరకు అది ఏ కాలంలో ఆంగ్లంలోకి వచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది.

1066లో హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ పాలకుడు విలియం గెలిచాక ఇంగ్లండు రాజసభకూ న్యాయస్థానాలకూ ఫ్రెంచి భాష అయింది. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లిషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు. ఈ మూడు శతాబ్దాల్లో వచ్చిన మాటలు సామాన్యుల నోళ్లలో నలిగి ఇంగ్లిషు మాటలైపోయాయి. ఫ్రెంచిలో ఊనిక మాట చివర పడుతుంది, ఇంగ్లిషులో అది మొదటికి జరిగింది. 1400లో మరణించిన చాసర్ కవిత్వంలో 'నేచర్', 'వర్చ్యూ' వంటి మాటలకు ఊనిక కొన్నిచోట్ల ఇంకా చివరి అక్షరం మీదే కనిపిస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లిషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారినప్పుడు ఈ మాటల అచ్చులూ వాటితోపాటే మారాయి.

మన వ్యాకర్తలు సంస్కృత పదాలను తత్సమాలు, తద్భవాలు అని విడదీసినట్టే వీటినీ విడదీయవచ్చు. 'చీఫ్', 'షెఫ్' రెండూ ఒకే ఫ్రెంచి మాట. మొదటిది 1300 ప్రాంతంలో వచ్చింది. అప్పటి ఫ్రెంచిలో ఆ మాట మొదట 'చ' పలికేది. తర్వాత ఫ్రెంచిలోనే 'చ' కాస్తా 'ష' అయింది. వంటవాడి అర్థంతో 19వ శతాబ్దంలో మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట 'ష'తో వచ్చింది. అందుకే ఛాంబర్, ఛేంజ్ పాతవి. మెషిన్, షోఫర్ వాటి తర్వాత వచ్చినవి. 'చ' పలికే ఇంగ్లిషువాడు తప్పు చేయడం లేదు. పాత ఫ్రెంచి పలుకుబడిని ఫ్రెంచివారికన్నా భద్రంగా దాచుకున్నాడు.

1660లో రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగివచ్చి సింహాసనం ఎక్కాక రాజసభలో ఫ్రెంచి మోజు పెరిగింది. ఈసారి వచ్చిన మాటలు నలగలేదు, నలగనివ్వలేదు కూడా. ఫ్రెంచివారిలా పలకడం గొప్పింటి గుర్తయింది. ఆ మోజును 1673లో అచ్చయిన డ్రైడన్ నాటకం 'మ్యారేజ్ ఎ లా మోడ్' ఎండగట్టింది. అందులో మెలాంథా అనే యువతికి ఏ రోజుకారోజు కొత్త ఫ్రెంచి మాటలు సేకరించి ఇవ్వడం దాసి పని. ఉచ్చారణ తగవులోకి హోదా ప్రవేశించింది ఇక్కడే అనాలి.

'లెఫ్టెనెంట్' కథ మరీ చిక్కైనది. ఫ్రెంచిలో 'ఫ' లేదు, రాతలోనూ లేదు, అయినా బ్రిటిష్ పలుకుబడిలో ఉంది. మధ్యయుగపు రాతప్రతుల్లోనే 'ఫ' ఉన్న రూపాలు దొరుకుతాయి కాబట్టి ఇది నిన్నమొన్నటి పొరపాటు కాదు. ఎందుకొచ్చిందన్న దానిపై పండితులు ఒక మాట మీద లేరు. 1791లో ఉచ్చారణ నిఘంటువు ప్రచురించిన జాన్ వాకర్ వాడుకలో ఉన్నది 'ఫ' రూపమేనని ఒప్పుకుంటూనే, రాతకు దగ్గరైన 'ల్యూటెనెంట్' ఎప్పటికైనా నిలుస్తుందని ఆశించాడు. ఆ ఆశ అమెరికాలో 'లూటెనెంట్'గా నెరవేరింది, ఇంగ్లండులో నెరవేరలేదు.

'హెర్బ్' విషయంలో అమెరికన్లది పాత పద్ధతి. పాత ఫ్రెంచిలో ఈ మాటకు మొదట 'హ' లేదు. లాటిన్ మూలాన్ని చూపడానికి రాతలో చేర్చిన ఆ అక్షరాన్ని ఇంగ్లండువారు 19వ శతాబ్దంలో పలకడం మొదలుపెట్టారు. ఆ కాలంలో 'హ' వదిలేయడం చదువులేనితనానికి గుర్తుగా మారింది. అమెరికన్లు మాత్రం ఇప్పటికీ 'అర్బ్' అంటారు. 'అవర్', 'ఆనర్' మాటల్లో 'హ'ను ఇద్దరూ వదిలేస్తారు.

20వ శతాబ్దం మొదట్లో మోటారు కార్లతోపాటు 'గ్యారేజ్' వచ్చింది. విలేజ్, మ్యారేజ్‌ల వరుసలో చేర్చి 'గ్యారిజ్' అనాలా, ఫ్రెంచివారిలా 'గరాజ్' అనాలా? 1913లో కవి రాబర్ట్ బ్రిడ్జెస్ తదితరులు స్థాపించిన సొసైటీ ఫర్ ప్యూర్ ఇంగ్లిష్, అరువు మాటలను నిస్సంకోచంగా ఇంగ్లిషు చేసుకోవాలని వాదించింది. 1926లో బీబీసీ తన ప్రకటనకర్తల కోసం ఒక ఉచ్చారణ సలహా సంఘాన్ని వేసింది. బ్రిడ్జెస్ తర్వాత బెర్నార్డ్ షా దానికి అధ్యక్షుడయ్యాడు. ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ సభ్యుడు. ఇలాంటి మాటలకు ఒకే ఉచ్చారణ తేల్చబోయిన ఆ సంఘం 1939లో యుద్ధంతో ఆగిపోయింది. 'గ్యారేజ్' మాత్రం బ్రిటన్‌లో ఇప్పటికీ రెండు విధాలుగానూ వినిపిస్తుంది.

సాధారణంగా బ్రిటిష్‌వారు ఊనికను మాట మొదటికి తెచ్చుకుంటారు, అమెరికన్లు చివర ఉంచుతారు: బాలే, కెఫే, డెబ్రీ ఇందుకు ఉదాహరణలు. బ్రిటన్‌లో 'ఫిలిట్' అన్నదాన్ని అమెరికాలో 'ఫిలే' అంటారు. కానీ 'నీష్' దగ్గర పాత్రలు తారుమారవుతాయి: పాత 'నిచ్' అమెరికాలోనే ఎక్కువగా మిగిలింది. ఊళ్ల పేర్లలో ఇంగ్లండు ఇంకా తెగించింది. బోలియూ 'బ్యూలీ' అయింది, బెల్వార్ కోట 'బీవర్' అయింది. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రపు శాసనసభ 1881లో ఏకంగా తీర్మానమే చేసింది: పేరును మూడు అక్షరాలుగా పలకాలి, చివరి 'స' పలకకూడదు. కాన్సస్ రాష్ట్రం పేరులో మాత్రం ఆ 'స' నిక్షేపంగా వినిపిస్తుంది.

ఫ్రెంచిలా పలకాలన్న తపన కొన్నిసార్లు ఫ్రెంచివారినే దాటిపోతుంది. చివరి హల్లు ఎప్పుడూ పలకకూడదనుకుని 'కూ ద గ్రాస్'ను కొందరు 'కూ ద గ్రా' అంటారు. 'హామిజ్' అన్న మాట 13వ శతాబ్దం నుంచే ఇంగ్లిషుది. సినిమా విమర్శకుల చేతుల్లో అది ఇటీవల 'ఓమాజ్' అయింది. అచ్చంగా కలిసిపోయిన మాటను మళ్లీ పరాయిదాన్ని చేయడం అనవసరమే.

ఈ వివాదం తెలుగుకూ చేరింది. మనకు ఈ మాటలు బ్రిటిష్ పాలనలో వచ్చాయి కాబట్టి లెఫ్టినెంట్ గవర్నర్ 'ఫ'తోనే వచ్చాడు. గ్యారేజీకి 'జ' స్థిరపడింది. ఆర్టీసీ డిపోకు 'ట' లేదు. పెళ్లి భోజనాల్లో మాత్రం 'బఫే', 'బఫెట్' రెండూ వినిపిస్తాయి. రోమన్ లిపిలో రాస్తే ఈ తేడా బయటపడదు, తెలుగులో రాసేవారికి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఇలాంటి మాటను పిల్లలు ఇంకోలా పలికినప్పుడు తప్పని తేల్చేముందు మంచి నిఘంటువు తీసి చూడండి. చాలాసార్లు అందులో రెండు ఉచ్చారణలూ ఉంటాయి.