వినుటయే సేవ

రేడియోకు చెవియొగ్గి కూర్చుండు మనము, దుఃఖితుని మాటను అంత ఓపికతో విందుమా?

1935లో ఇంగ్లండులోని లింకన్ నగరమున, రజస్వల యగుటను ఘోరవ్యాధియని భ్రమించి ప్రాణము తీసికొన్న ఒక బాలికకు చాడ్ వారా అను యువ మతాచార్యుడు అంత్యక్రియలు జరిపెను. తన భయము చెప్పుకొనుటకు ఆమెకు ఎవ్వరును లేకపోయిరి. ఆ బాధ ఆయనను విడువలేదు. 1953 నవంబరు 2వ తేదీన లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ చర్చిలో, జీవితముపై విరక్తి కలిగినవారి కొరకు ఆయన ఒక టెలిఫోనును ప్రత్యేకించెను.

పలువురు స్వయముగానే రాసాగిరి. వేచియుండువారికి తేనీరిచ్చి పలుకరించుటకు కొందరు స్వచ్ఛంద సేవకులు చేరిరి. వారు వైద్యులు కారు, పండితులును కారు. అయినను, వారితో మాటాడి మనసు తేలికపడిన అనేకులు ఆచార్యుని చూడకయే వెడలిపోవుచుండిరి. ఇది గమనించి 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ పనిని సేవకులకే అప్పగించెను. వారే సమారిటన్లు.

ఈ మార్గముననే మన దేశమున 1986లో మదరాసునందు స్నేహ, పిదప సికిందరాబాదున రోష్ని వెలసినవి. 2022 నుండి భారత ప్రభుత్వపు టెలి-మానస్ 14416 సంఖ్యపై రేయింబవళ్లు పలుకుచున్నది.

సలహా చెప్పుటకు తొందరపడు మనము, తొలుత విని చూతము. ఆ ఓపికయే ఒక ప్రాణమును నిలుపవచ్చును.