బళ్ళారి బడులలో శిక్ష: రెండు శతాబ్దాల చరిత్ర

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, తన పాలనలోని జిల్లాలలో దేశీయ విద్య ఏ స్థితిలో ఉన్నదో విచారించి తెలుపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన సమాధానం వాటిలో ఎన్నదగినది. ఆయన తెలుగు భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చినవాడు. బడిలోనికి తొంగిచూసి వెళ్ళిపోయిన దొర కాడు. నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు ఉండగా, కన్నడము నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226 అని ఆయన లెక్క. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాతనే ఇక్కడ తెలుగు బడి ఒక విశేషమైనదని తలచేవారు ఈ అంకెను ఒక్కసారి చూడవలెను.

ఆ నివేదికలో శిక్షలను గూర్చిన భాగం ఉపాధ్యాయులందరూ చదువదగినది. ఉదయాన అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి అధికం. సోమరిపోతులకు బెత్తపు దెబ్బలు, రెండు చేతులూ కట్టి కప్పునకు వ్రేలాడదీయుట, ఎడతెగక గుంజీళ్ళు. ఆ వ్రేలాడదీయుటనే మన పెద్దలు కోదండమన్నారు. వీధిబడి జ్ఞాపకాలు వ్రాసినవారిలో కోదండమును, తొడపాశమును తలచనివారు అరుదు. గుంజీళ్ళు బాధాకరమే అయినా బహుశః ఆరోగ్యానికి మంచివని కాంబెల్ వ్యాఖ్య! ఆ మాట ఆయనకు గుంజీళ్ళు తీసే అవసరం రాకపోవడం వల్ల వచ్చినదనుకుంటాను.

ఈ క్రౌర్యం మన దేశానికే పరిమితమని అనుకోరాదు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించే మన వీధిబడి పద్ధతిని ఇంగ్లండు అనుకరించినదని కాంబెలే మెచ్చుకున్నాడు. ఆ దేశంలో అట్టి బడులు నడిపిన జోసెఫ్ లాంకాస్టర్, బెత్తం వలదంటూనే అల్లరి పిల్లలను బుట్టలో కూర్చుండబెట్టి కప్పునకు వ్రేలాడదీయించాడు.

అయితే నా దృష్టిలో ఆ నివేదికకు అసలైన విలువ మరొకచోట ఉన్నది. పిల్లలు బడికి ఎందుకు రారు, వచ్చినా ఎందుకు నేర్వరు అన్న ప్రశ్నలకు సమాధానాలు అందులోనే ఉన్నాయి. మొదటిది భాష. బడిలో వల్లె వేయించే పద్యాల భాష వేరు, ఇంటి మాట వేరు. అర్థం తెలియక పిల్లలు చిలుకల వలె అప్పజెప్పుతున్నారన్నాడు. రెండవది పేదరికం. లేత చేతులు ఏ కొద్దిపాటి పనికి వచ్చినా చాలు, తల్లిదండ్రులు పిల్లలను పనిలో పెట్టుకోక తప్పని స్థితి అన్నాడు. శిక్షలు ఒకచోట, కారణాలు మరొకచోట వ్రాసి ఉన్నాయి గాని ఆ రెంటినీ ముడిపెట్టి చూడలేదు. ఆలస్యంగా వచ్చిన పదవవాడు ఏ పని ముగించుకొని వచ్చినాడో అడగక మునుపే ఎనిమిది దెబ్బలు పడిపోయేవి.

భాష సంగతిని పట్టించుకున్నవాడు పర్లాకిమిడిలోని చరిత్రోపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులు. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా మాత్రమే తలుస్తాము. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాఠ్యపుస్తకాలు సిద్ధం చేసిన ఉపాధ్యాయుడాయన. పిల్లవానికి పాఠం తెలియకపోతే లోపం పాఠంలో ఉండవచ్చునని తలచుట ఆనాడు చిన్న సాహసం కాదు.

1939లో మరియా మాంటిస్సోరి అడయారుకు వచ్చి ఉపాధ్యాయినులకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ కళాశాలలలో బాలల మనస్తత్వ శాస్త్రం పాఠ్యాంశమైనది. పిల్లవాడు అల్లరి చేసేది ఒకరి చూపు తనపై పడుటకో, తన మాట నెగ్గించుకొనుటకో, పగ తీర్చుకొనుటకో, తనవల్ల కాదని చేతులెత్తివేయుటకో అని రుడాల్ఫ్ డ్రైకర్స్ చేసిన విభజన అందులో ఒకటి. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారు కూడ తరగతిలో బెత్తం పట్టుకున్నారు. తల్లిదండ్రులే ‘కళ్ళు మాత్రం ఉంచి తక్కినది మీ ఇష్టం’ అని అప్పగించి వెళ్ళే కాలమది.

చట్టం తాపీగా నడిచింది. శారీరక దండనకు విద్యావ్యవస్థలో స్థానం ఉండరాదని 1986 జాతీయ విద్యావిధానం ప్రకటించింది. 2000లో ఢిల్లీ హైకోర్టు అక్కడి నియమాలలోని దండనాధికారాన్ని కొట్టివేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననే గాక మానసిక వేధింపును కూడ నిషేధించింది.

చేతులు కట్టివేశారని వాపోయే ఉపాధ్యాయులను నేనెరుగుదును. ఆ బాధ అబద్ధం కాదు. యాభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు కలబడితే తక్కిన నలభై ఎనిమిది మంది చదువు ఆగిపోతుంది. చట్టం కర్రను తీసుకున్నది గాని, దాని స్థానంలో సమయాన్నీ మనుషులనూ ఇవ్వలేదు.

కొన్నేళ్ళ క్రిందట ఏడవ తరగతిలో ఒక బాలుడు తొలి గంటలోనే నిద్రపోయేవాడు, లేపినవారిని కొట్టేవాడు. తరగతి ఉపాధ్యాయిని వాని ఇంటికి వెళ్ళి చూసింది. మన ఊరి జీన్స్ కుట్టుపని పేరుపొందినదే గదా! కుట్టిన పాంట్ల దారపు కొసలను కత్తిరించే పని ఇంటిల్లిపాదీ రాత్రి చాల ప్రొద్దు పోయేవరకు చేస్తున్నారు. ఆమె వాని తల్లితో మాట్లాడి తొమ్మిది గంటలకు పడుకునే ఏర్పాటు చేయించింది. కొట్లాట పూర్తిగా మానలేదు, కాని నిద్ర మానింది. లెక్కలలో వాడు చురుకైనవాడని అప్పుడు తెలిసింది. కాంబెల్ వ్రాసిన ‘కొద్దిపాటి పని’ నేటికీ మన వీధులలో ఉన్నది.

భాష చిక్కూ ఉన్నది. వీధిలో కన్నడం, ఇంట మన సీమ తెలుగు, పుస్తకంలో మరొక తెలుగు. ఇంటి మాట పలికి తోటివారి నవ్వులపాలైన పిల్ల మరునాడు నోరు విప్పదు, లేదా నవ్వినవారి పలక పగులగొడుతుంది. పలక పగిలినది మాత్రమే ప్రధానోపాధ్యాయిని గదికి చేరుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధన ఉండవలెనన్న అంశమూ, పిల్లలను భయం నుండి విముక్తులను చేయవలెనన్న అంశమూ ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. ఆ వరుసను ఎవరు ఆలోచించి కూర్చారో గాని, మా వంటి బడికి ఆ రెండూ ఒక్కటే.

తల్లిదండ్రులకు బడి నుండి కబురు వచ్చినపుడు పిల్లవాని తప్పు వినుటకే పిలిచామనుకోవద్దు. రాత్రి ఎప్పుడు పడుకున్నాడో, ఇంట ఏ పని చేస్తున్నాడో, బడి నుండి వచ్చి ఏమి చెప్పాడో మాకు తెలియదు. అది వినుటకే పిలుస్తున్నాము.