దిల్‌సుఖ్‌నగర్ నీలి తెర వెనక న్యూయార్క్ గడియారం

సీ భాషలో ఇప్పటి తేదీ, సమయం కావాలంటే ‘టైమ్’ ఫంక్షన్‌ని పిలవాలి. అది గంటలూ నిమిషాలూ చెప్పదు, ఒక పెద్ద సంఖ్యను ఇస్తుంది. గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు అవి. ఆ లెక్క మొదలైన క్షణానికి హైదరాబాద్‌లో తెల్లవారుజామున 5.30.

ఈ పద్ధతి బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌తో పుట్టింది. 1971 నవంబరు నాటి తొలి మాన్యువల్‌లో లెక్క 1971 జనవరి 1 నుంచి మొదలయ్యేది, అదీ సెకనులో అరవయ్యో వంతు చొప్పున. అంత సన్నని లెక్కకు 32 బిట్లు రెండేళ్ల మూడు నెలలకే నిండిపోతాయి. అందుకే తర్వాత పూర్తి సెకన్లకు మారారు, లెక్క ఆరంభం 1970 జనవరి 1 అయింది. 1989లో వచ్చిన సీ ప్రమాణం ‘టైమ్’కు చోటిచ్చింది కానీ, సంఖ్య ఎప్పటి నుంచి లెక్కించాలో చెప్పలేదు. కంపైలర్ తయారుచేసేవారి ఇష్టానికే వదిలేసింది.

సమయం సంగతి కంపైలర్‌కు వదిలేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనూ కనిపించేది. 2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్య (వైటూకే) తెచ్చిన గిరాకీ నాటి నుంచి ఇక్కడా, ఎల్‌బీ నగర్ దాకా విజయవాడ రోడ్డు వెంటా, హాస్టళ్లలో ఉండి సీ నేర్చుకున్నవాళ్లకు మొదటి పరిచయం బోర్లాండ్ వారి టర్బో సీ నీలి తెరే. అది నడిచే డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ గడియారంలో ఉండేది స్థానిక సమయం. ఆ సమయం ఏ దేశానిదో డాస్‌కు తెలియదు. విడిగా చెప్పకపోతే టర్బో సీ దాన్ని అమెరికా తూర్పు తీరపు సమయమనుకునేది. అంటే గ్రీన్‌విచ్‌కు ఐదున్నర గంటలు ముందున్న ఊరిని ఐదు గంటలు వెనక ఉన్నట్టు లెక్కగట్టేది. ‘టైమ్’ ఇచ్చిన సంఖ్యలో పదిన్నర గంటల తేడా. అయినా ఆ సంఖ్యను స్థానిక తేదీ, సమయంగా మార్చే ‘లోకల్‌టైమ్’ ఫంక్షన్ అదే ఐదు గంటలు తీసేసేది కనుక తెర మీద తేదీ, సమయం సరిగ్గానే కనిపించేవి. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసేది. ఆ సంఖ్యలు రాసుకున్న ఫైళ్లు మరో యంత్రానికి వెళ్లేదాకా అది సాధారణంగా బయటపడేది కాదు.

‘లోకల్‌టైమ్’లోనూ ఒక మెలిక ఉంది. అది నెలలను సున్నా నుంచి, సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కిస్తుంది. 2000 రాగానే సంవత్సరం 100 అయింది. ముందు ‘19’ అతికించి అచ్చువేసిన ప్రోగ్రాములు 19100 అని చూపించాయి.

క్లాసుల్లో ఎక్కువమందికి అలవాటైన ‘గెట్‌డేట్’, ‘గెట్‌టైమ్’ డాస్‌వి, ప్రమాణంలోవి కావు. అవి వాడి రాసిన ప్రోగ్రామ్ లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌కు ఇస్తే కంపైలే కాదు. లినక్స్‌లో ‘లోకల్‌టైమ్’ గ్రీన్‌విచ్‌తో మన ఐదున్నర గంటల తేడాను ‘ఏషియా/కోల్‌కతా’ అనే కాలమాన పట్టికలో చూసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపిన సంగతి కూడా అందులో ఉంది.

32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8.44.07కి నిండుతుంది. 64 బిట్ల యంత్రాల్లో ఆ గడువు లేదు. 32 బిట్ల లినక్స్ కోసం 2020లో కెర్నల్ 5.6, 2021లో సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.34 64 బిట్ల సంఖ్యకు దారిచ్చాయి. కానీ పాత ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేస్తేనే అది పనికొస్తుంది.