కడప సీమ – బ్రౌను భాషాసేవ

గండికోటలో ధాన్యాగారము, మాధవరాయస్వామి ఆలయము, జుమ్మా మసీదు నేటికిని నిలిచియున్నవి. రాతికట్టడము ఆదరణ లేకున్నను శతాబ్దములు నిలుచును. తాటియాకుపై వ్రాసిన కావ్యమున కట్టి బలము లేదు. తరతరమున నెవరో యొకరు తిరిగి వ్రాయనిచో నది చెదలపాలగును. అట్లు నశింపనున్న గ్రంథములను కాపాడుటకు ఈ కడప మండలమున నొక పరదేశీయుడు పూనుకొనెను.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. మద్రాసు కళాశాలలో కొంత తెలుగు నేర్చి, 1820లో కంపెనీ యుద్యోగిగా కడపకు వచ్చెను. కళాశాల వ్యాకరణము నేర్పినది. రైతులతోను, కరణములతోను దినదినము జరిగిన వ్యవహారము జీవద్భాషను నేర్పినది. 1826లో మరల కడపకు వచ్చి, బంగళా కొని, పండితులకును లేఖకులకును సొంత ధనమునుండి జీతములిచ్చి, పలు ప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1852 నాటి తన నిఘంటువులో కావ్యపదములతోపాటు వాడుకమాటలకును చోటిచ్చెను. వ్యవహారమున చేరిన అన్యదేశ్యములకు 1854లో వేరొక నిఘంటువునే కూర్చెను. కచేరీ తెలుగు ఆ పుటలలో నిలిచినది.

కీర్తి బ్రౌనుదైనను శ్రమ యతని దొక్కనిదే కాదు. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు పాఠములు సరిచూచిరి, వ్యాఖ్యలు రచించిరి. తాళపత్రములను తరతరములుగా దాచియుంచిన గృహస్థులు లేనిచో సరిపోల్చుటకు ప్రతులే దొరకకుండెడివి.

బ్రౌను 1884లో లండనులో మరణించెను. కడపలో అతని బంగళా యున్నచోట నేడు అతని పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును నెలకొనియున్నవి. పల్లెలలో అటకపై పడియున్న పాతప్రతి యొక్కటి గ్రంథాలయమునకు చేరినను, ఆ కార్యము సాగుచున్నట్లే.