కాలేయపు కోత: నెత్తురుకు కళ్లెం పడిన తీరు

గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు లీటరున్నర, కాలేయంలోకి వెళుతుంది. అందులో ముప్పాతిక భాగాన్ని పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తే, మిగతాది కాలేయ ధమని తెస్తుంది. లోపలి సిరల గోడలు పలుచన. చుట్టూ మెత్తటి కణజాలం. కుట్టు వేసి బిగిస్తే దారం దాన్ని కోసుకుంటూ పోతుంది. 1888లో బెర్లిన్ సర్జన్ కార్ల్ లాంగెన్‌బుక్ ఒక మహిళ కాలేయంలో కొంత భాగాన్ని తొలగించిన వైనాన్ని ప్రకటించారు. ఆపరేషనైన కొన్ని గంటలకే నెత్తురు కారడంతో ఆమె పొట్టను మళ్లీ తెరవాల్సి వచ్చింది. అదృష్టవశాత్తూ ఆమె బతికింది.

ఈ చరిత్రకు అసలు మలుపు 1908లో వచ్చింది. గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో పనిచేసిన జేమ్స్ హోగార్త్ ప్రింగిల్, కాలేయం చిట్లిన ఎనిమిది మంది క్షతగాత్రుల గురించి ఆ ఏడాది రాశారు. వారిలో ఒక్కరూ దక్కలేదు. అయినా ఆయన ఒక విషయం గమనించారు. పోర్టల్ సిర, కాలేయ ధమని, పిత్తనాళం కలిసి వచ్చే కట్టను బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కిపెడితే నెత్తురు ఆగి గాయం కనబడుతుంది. రోగులను కాపాడలేకపోయిన అనుభవాన్ని దాచుకోకుండా లోకం ముందు పెట్టిన ఆ నిజాయితీకి వైద్యలోకం ఎంతో రుణపడి ఉంది. ఇప్పటికీ పదిహేను నిమిషాలు బిగించి, అయిదు నిమిషాలు వదిలే పద్ధతికి ఆయన పేరే వాడతారు.

1952లో పారిస్‌లో లోర్టా జాకబ్ ముందుగా రక్తనాళాలను కట్టి కుడి భాగం మొత్తాన్ని తీశారు. 1957లో క్లాడ్ కూయినో కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా విభజించి చూపారు. ఎక్కడ కోస్తే నాళాలు తక్కువగా తెగుతాయో అప్పటి నుంచి స్పష్టమైంది.

అయితే ప్రింగిల్ పద్ధతి లోనికి వచ్చే రక్తాన్నే ఆపుతుంది. బయటికి పోయే కాలేయ సిరల నుంచి వెనక్కి తన్నే నెత్తురును ఆపలేదు. దానికి విరుగుడు మత్తు డాక్టర్ల చేతిలో ఉంది. కోత పూర్తయ్యేదాకా సెలైన్ తగ్గించి, కేంద్ర సిరల ఒత్తిడిని అయిదు సెంటీమీటర్ల నీటిమట్టం కంటే కిందికి దించితే రక్తనష్టం బాగా తగ్గుతుందని 1990ల చివర్లో వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈ విజయంలో మత్తు డాక్టర్ల వాటాను మనం తగినంతగా చెప్పుకోవడం లేదని నా అభిప్రాయం.

1991లో హ్యారీ రైక్ ల్యాపరోస్కోపీతో కాలేయపు గడ్డలను తొలగించిన సంగతి వెలువడింది. కానీ చిన్న రంధ్రాల్లోంచి చేసేటప్పుడు అరచేత్తో కాలేయాన్ని అదిమిపట్టే వీలు లేదు. కెమెరా మీద నెత్తురు చిందితే ఏమీ కనబడదు. సక్షన్ ఎక్కువగా వాడితే పొట్టలో నింపిన గ్యాస్ పోయి చోటు కుంచించుకుపోతుంది. విచిత్రంగా ఆ గ్యాసే రక్షణ కూడా అయింది. పది నుంచి పద్నాలుగు మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపే కార్బన్ డయాక్సైడ్ తెగిన సిరల నోళ్లను అణచిపెడుతుంది. సిరలో ఒత్తిడి మరీ తగ్గితే గ్యాస్ లోపలికి దూరే ప్రమాదం లేకపోలేదు. అది రక్తంలో తేలిగ్గా కరిగే వాయువు కావడం కొంత మేలు. అందుకే సర్జన్, మత్తు డాక్టర్ క్షణక్షణం మాట్లాడుకుంటూ ఈ రెండు ఒత్తిళ్లనూ తూచుకోవాలి. ప్రింగిల్ వేళ్లు చేసిన పనిని ఇప్పుడు నాళాల కట్ట చుట్టూ తిప్పిన టేపు చేస్తుంది. దాని కొసలను ట్యూబులోంచి పొట్ట బయటికి తెచ్చి, అవసరమైనప్పుడు బిగిస్తారు. అల్ట్రాసౌండ్ కత్తులు, బైపోలార్ పరికరాలు, క్లిప్పులు, స్టేప్లర్లు తర్వాతి సహాయకులు. పెద్ద సిర చిరిగినప్పుడు మాత్రం ముందు గాజుగుడ్డ పెట్టి ఓపిగ్గా అదమడమే మేలు. కంగారుగా క్లిప్పులు వేస్తే చిరుగు పెద్దదవుతుంది.

2008లో అమెరికాలోని లూయివిల్‌లోనూ, 2014లో జపాన్‌లోని మొరియోకాలోనూ నిపుణులు సమావేశమై ఈ శస్త్రచికిత్సకు హద్దులు చర్చించారు. నెత్తురు అదుపు తప్పితే పొట్ట తెరవడాన్ని వైఫల్యంగా చూడకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన మాట. ఇలాంటి ఆపరేషన్ ఎదురైతే, ఏ దశలో పొట్ట తెరుస్తారో, రక్తం సిద్ధంగా ఉంచారో లేదో మీ డాక్టర్లను తప్పక అడగండి.